బటన్ నొక్కితే ఆగిపోయిన సెట్టు

జనగామ నుంచి మహబూబాబాద్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఒకప్పుడు సైన్యంలో రేడియో సెట్లు బాగుచేసేవాడట. నేనూ సైన్యం నుంచి వచ్చినవాడినే కావడంతో, పన్నెండేళ్లుగా లోపల రగులుతున్న సంగతి ఆయనకు చెప్పేశాను.

ఒకసారి యుద్ధ విన్యాసాల్లో నా రేడియో సెట్టు పనిచేయలేదు. యాంటెన్నా తప్పుగా బిగించానని మా హవల్దార్ ఆ సెట్టు నా వీపున కట్టి, అందరూ చూస్తుండగా మైదానం చుట్టూ పరుగెత్తించాడు. ఆయనదీ మా దంతాలపల్లే. సెలవులో వచ్చినప్పుడల్లా ఊళ్లో ఆ కథ చెప్పి నవ్వించేవాడు; ఇప్పుడు రిటైరై ఊళ్లోనే ఉంటున్నాడు.

"అవతలోళ్ల మాటలు వినపడ్డయా?" అని అడిగాడు పెద్దాయన.

"మంచిగనే వినపడ్డయి. మాట్లాడుదామని బటన్ నొక్కంగనే సెట్టు బందయ్యేది."

"అయితే యాంటెన్నా కాదు తమ్మీ, బ్యాటరీల చార్జింగ్ తక్కువున్నది. వినుడుకు సరిపోతది, మాట్లాడుడుకు సాలదు. బ్యాటరీలు ఎవలు చూసేటోళ్లు?"

"ఆ హవల్దారే."

పెద్దాయన తొర్రూరులో దిగిపోయాడు. నేను వెంటనే హవల్దార్‌కు ఫోన్ చేశాను.

"సాబ్, ఆ దినం తప్పు బ్యాటరీది. బ్యాటరీలు చూసుకునే జిమ్మేదారి మీదే."

ఆయన నవ్వాడు. "నాకు ఆ దినమే ఎరుక. నీకు గిన్నేండ్లకు తెలిసిందారా?"

ఆదివారం ఆయన మా ఊరి హోటల్లో నలుగురితో చాయ్ తాగుతుండగా వెళ్లి, బ్యాటరీ సంగతి అందరికీ మొదటినుంచీ చెప్పాను. ఆయన తలెత్తలేదు. తెలిసే నన్ను పరుగెత్తించాడన్న కసి మాత్రం నాకింకా తీరలేదు.