ఖాదర్ వెళ్లవలసిన ఊరు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఎన్నో ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. పక్కన పడుకునే నా భార్యకు కూడా తెలియని బరువు. నేను అబద్ధమాడలేదు. నిజమే చెప్పాను. ఆ నిజంతోనే ఒక ఇంటిని ముక్కలు చేశాను. పేర్లు మార్చాను. మిగిలినదంతా జరిగింది జరిగినట్టే.

మాది తిరుపతిలో గుహలు వెతికే చిన్న బృందం. భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మా సారు, ఆయన దగ్గర చదువుకున్న నలుగురం. సెలవు దొరికితే తాళ్లూ, టోపీ లైట్లూ సర్దుకుని కర్నూలు వైపు సున్నపురాతి కొండలకు పోయేవాళ్లం. అందరిలోకీ నాకు దగ్గరివాడు ఖాదర్. పాకాల వాడు. వాళ్ల నాయన మోటారు మెకానిక్. ఎవరిదో పొలంలో బావిలోకి దిగి మోటారు బాగు చేస్తుంటే గోడ విరిగి మీద పడింది. అప్పటికి ఖాదర్ చిన్నపిల్లవాడు. ఆ తర్వాత వాళ్లమ్మ ఆయిషమ్మ పిల్లల్ని బావి దరిదాపులకు కూడా పోనివ్వలేదు. అందుకని వాడు కొండల మీద రాళ్లు సర్వే చేస్తున్నామని ఆమెకు చెప్పేవాడు. భూమిలోకి దిగే సంగతి వాళ్లింట్లో అక్క రుక్సానాకు ఒక్కదానికే తెలుసు. బయట మాకు తెలుసు.

ఒక గుహ చివర సన్నటి సందు ఉంది. అక్కడితో గుహ అయిపోయిందని అందరూ అనుకునేవారు. అందులోకి మొదట దూరింది నేనే. భుజాలు పట్టాయి, ఛాతీ పట్టలేదు. ఊపిరాడక, వెనక్కి లాగమని అరిచాను. నన్ను లాగి కూర్చోబెట్టి, ఖాదర్ దూరాడు. చాలాసేపటికి అవతలి నుంచి వాడి గొంతు వినిపించింది, ఖాళీ హాల్లో నిలబడి మాట్లాడినట్టు. అవతల ఇంకో గుహ ఉంది. దాని అడుగంతా నీళ్లు.

దాన్ని కొలవడానికి ఏడాది పట్టింది. ఖాదర్, ఇంకో ఇద్దరు అవతలికి పోయేవాళ్లు. నేను ఇవతల కూర్చుని వాళ్లు కేకేసిన అంకెలు రాసుకునేవాణ్ని. సారు ఆ పటాన్ని విదేశాలకు పంపారు. ప్రపంచంలోని గుహాన్వేషకులంతా కలిసే సభ ఒకటి మా బృందానికి గుర్తింపు ఇస్తామంది. సారుతో పాటు ఒకరు వచ్చి మాట్లాడాలంది.

"ఖాదరు రావాల. అందులో దూరింది వాడే గదా" అన్నారు సారు.

అందరం చప్పట్లు కొట్టాం. నేనే గట్టిగా కొట్టాను.

ఆ వారమే పాకాల రైలెక్కాను. ఎందుకెక్కాను? స్నేహితుడి ప్రాణం కోసం భయపడ్డానా? వాళ్లమ్మకు తెలియకుండా ఇంత పెద్ద సంగతి దాచడం తప్పనిపించిందా? ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. ప్రతిసారీ ముందు ఏదో ఒక మర్యాదైన జవాబు వస్తుంది. దాన్ని పక్కకు తోసి చూస్తే కింద ఉండేది అసూయే. వట్టి అసూయ.

ఖాదర్ ఇంట్లో ఉండడని తెలిసే వెళ్లాను. ఆయిషమ్మ మిద్దె మీద సేమ్యాలు ఆరబెడుతోంది. నన్ను చూసి మురిసిపోయింది.

"నీ దోస్తు ఫారిన్ పోతాడంట గదా బేటా. రాళ్లు కొలిచినందుకే అంత మర్యాదనా?"

"రాళ్లు కాదమ్మా. మేము భూమి లోపలికి దిగుతాం. వాడు దూరిన సందు ఇంతే ఉండాది." చేతులతో చూపించాను.

ఆమె నా చేతుల మధ్య జాగానే చూస్తూ ఉండిపోయింది.

"ఆడ గాలాడతాదా?"

"సరిగ్గా ఆడదు."

"మీద కూలేది ఉంటాదా?"

"చెప్పలేమమ్మా."

నేను చెప్పినట్టు ఎవరికీ చెప్పనని అల్లా మీద ఒట్టేయించుకున్నాను. ఆమె ఒట్టు తప్పే మనిషి కాదు. అది కూడా నాకు తెలుసు.

ఆయిషమ్మ అన్నం మానేసింది. ఇంకెప్పుడూ భూమిలోకి దిగనని ఖాదర్ ఆమె తల మీద చెయ్యి పెట్టి చెప్పేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు. వాడు చెప్పాడు. గుహలు వదిలేసినవాణ్ని, అక్కడ నిలబడి ఏం మాట్లాడేదని సారు దగ్గర తప్పుకున్నాడు. నా పేరు చెప్పింది కూడా వాడే.

ప్రయాణానికి ముందు నన్ను కూర్చోబెట్టి, నేను ఎన్నడూ చూడని ఆ నీళ్ల గురించి వాడే నేర్పించాడు. "నీళ్లు కదలవబ్బా. లైటు కొడితే కిందగూడా ఒక పైకప్పు ఉన్నట్టుంటాది. కాలు పెట్టాలంటే భయమైతాది." ఆ మాటల్ని ఇంగ్లీషులో అప్పజెప్పాను. ఆ ఊళ్లో, ఆ వేదిక మీద, ఎక్కడెక్కడి వాళ్లో లేచి నిలబడ్డారు. ఒక పెద్దావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకుంది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అమ్మకు చెప్పింది రుక్సానానే అని ఖాదర్ అనుకున్నాడు. అక్కతో మాట మానేశాడు. ఆమె పండక్కి పుట్టింటికి వస్తే వాడు బయటికి పోయేవాడు. ఆమె కొడుకుల్ని వాడు ఎత్తుకోలేదు. నాకు అన్నీ చెప్పేవాడు. నేను వినేవాణ్ని. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఆమె కాదేమోలే" అన్నాను. అంతకు మించి నోరు కదల్లేదు.

రుక్సానాకు కిడ్నీలు చెడిపోయాయి. వేలూరు ఆసుపత్రిలో ఉందని తెలిసి కూడా వాడు జాగు చేశాడు. చివరికి బయల్దేరాడు. దారిలో ఉండగానే ఆమె పోయిందని ఫోనొచ్చింది. మట్టి చేసి వస్తుంటే నా భుజం పట్టుకుని అడిగాడు: "నేను చెప్పలేదురా అని ఎన్నిసార్లు అనిందో. నమ్మకపోతి. నువ్వు చెప్పబ్బా, ఇంకెవురు చెప్పింటారు?"

"ఇప్పుడెందుకులే అప్పా" అన్నాను.

ఇది రెండో తప్పు. మొదటిదానికి అసూయ ఉంది. దీనికి ఏం సాకు చెప్పను?

నలభై రోజుల ఫాతెహా ప్రార్థనలు అయ్యాక ఆయిషమ్మ దగ్గరికి వెళ్లాను, వాడికి చెప్పేస్తానని. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"చెప్పొద్దు" అంది. "నేను కాదమ్మీ అని నా బిడ్డ నా ఒళ్లో పడి ఏడ్చింది. కాదని నాకు తెలీదా? ఒట్టు తప్పితే వాడికి ఏమన్నా అయితాదేమోనని నోరు మూసుకుంటి. ఇప్పుడు వాడికి తెలిస్తే నాకు ఈ కొడుకూ ఉండడు."

నా పాపంలో ఆమెకూ వాటా పెట్టాను. చెప్తే ఆ తల్లిని చంపినట్టు. చెప్పకపోతే చనిపోయిన ఆ అక్క మీద నింద అలాగే ఉంటుంది. ఏది తక్కువ పాపమో నాకు తేలలేదు. తేలలేదని చెప్పుకుంటూ ఇంకా కాలం గడుపుతున్నానేమో, అదీ తెలియదు. ఖాదర్ ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. మనసు విప్పి చెప్పుకోవడానికి తనకు మిగిలింది నేనొక్కణ్నే అంటాడు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన ఆమె లేదు. ఒక్క వాక్యం మాత్రం ఎక్కడో ఒకచోట నా చేత్తో రాసి ఉండాలనిపించింది. ఆయిషమ్మకు చెప్పింది రుక్సానా కాదు. నేను.