వోప్కె బాబాయికి లేని మోటారు

మా వోప్కె బాబాయి సైకిలుకి మోటారు లేదు. ఈ సంగతి ఆయన రోజుకి నాలుగుసార్లయినా చెప్పేవాడు, అదీ ఎవరూ అడక్కుండానే. సైకిలుకి మోటారు లేనివాళ్ళు మా ఊళ్ళో ఇంకో మూడొందలమంది ఉన్నారు గానీ, వాళ్ళలో ఒక్కరూ ఆ మాట పనిగట్టుకుని చెప్పగా నేను వినలేదు.

మాది డచ్చివాళ్ళ ఫ్రీస్‌లాండ్‌లో సముద్రపు కరకట్టని ఆనుకున్న ఊరు. కొండ లేదు, గుట్ట లేదు, గాలి మాత్రం ఉంది. వెళ్ళేటప్పుడు ఎదురుగా వీస్తుంది. మనం తిరుగుముఖం పట్టేలోపల అదీ అటు తిరిగి మళ్ళీ ఎదురొస్తుంది. ఇలాంటి చోట సైకిలు తొక్కడం ప్రయాణం కాదు, నడవడిక. మోటారు పెట్టుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. "పాపం, వయసు" అంటారు, అంతే. ఆ మాట పడటం కంటే కరకట్ట మీంచి సముద్రంలో దూకడం నయమని మా పెద్దల అభిప్రాయం.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు నాది కాబట్టి ఈ లేని మోటారు చరిత్ర నాకు మొదటినుంచీ తెలుసు. అది పూర్వాశ్రమంలో చెట్ల కొమ్మలు కోసే రంపానిది. రెండేళ్ళ కిందట బాబాయి దాన్ని వెనక చక్రం పైన తనే బిగించుకున్నాడు. నల్లరంగు పూశాడు. రెండు పక్కలా పెద్ద సంచులు వేలాడదీశాడు. దానిపైన ఒక చెక్కపెట్టె, అందులో ఒక కట్ట ఉల్లికాడలు పెట్టాడు. చూసేవాళ్ళకి సంతనుంచి వస్తున్నట్టు కనిపించాలని ఆయన ఎత్తు. మా సంత మంగళవారం ఒక్కరోజే. బాబాయి వారానికి ఏడు రోజులూ సంతనుంచే వచ్చేవాడు.

కింద మోటారు వేడికి పైన ఉల్లికాడలు వేగేవి. ఆయన ఇంకా వీధి మలుపు తిరక్కముందే కమ్మటి వాసన మలుపు తిరిగేది. గుమ్మాల్లో కూర్చున్నవాళ్ళు "వోప్కె వస్తున్నాడు, పొయ్యిమీద ఏదైనా పెట్టాలి, ఆకలేస్తోంది" అని లేచేవాళ్ళు.

ఇక చప్పుడు. మొదటివారంలోనే నేను అడిగాను.

"బాబాయ్, ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు?"

"నీ వెనకనుంచి, డుర్రుమని."

"అదా, మడ్‌గార్డు వదులైందిలే."

మర్నాడు నిజంగానే మడ్‌గార్డు వదులు చేసుకొచ్చాడు. అది డబడబలాడుతుంటే దాని మాటున మోటారు వినపడదని ఆయన నమ్మకం. మాకు రెండూ వినపడ్డాయి. అది చాలదనిపించి కీర్తనలు పాడటం మొదలుపెట్టాడు. దేవుడి మీద భక్తి ఆయనకి మరీ ఎక్కువేం కాదు గానీ, గొంతు మాత్రం ఎక్కువ. కీర్తన మధ్యలో ఊపిరి పీల్చుకునేటప్పుడు మోటారు బయటపడుతుందేమోనని అక్కడ దగ్గేవాడు. ఒక్క చప్పుడు దాచడానికి మూడు చప్పుళ్ళు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అందరికీ తెలుసు, మా పిల్లి పాలు తాగుతూ బాజా కూడా వాయించేది.

నటన సంగతి చెప్పనే లేదు. కరకట్ట మీదకి ఎక్కే ఏటవాలు దారి ఒకటుంది, కుర్రవాళ్ళు కూడా అక్కడ దిగి నడిపిస్తారు. బాబాయి డెబ్బై మూడేళ్ళ వయసులో, ఒక మోకాలు పనిచెయ్యకపోయినా, ఒక చేత్తో పొగాకు పైపు వెలిగించుకుంటూ ఎక్కేవాడు. పైకి చేరాక గుర్తొచ్చి ఆయాసపడేవాడు. ఒక్కోసారి కాళ్ళు తొక్కడం మర్చిపోయేవాడు. ఓసారి వెనక్కి తొక్కుతూ ముందుకి వెళ్ళాడు. అప్పుడు ఎదురైన మా ఫాదరీగారు ఆ ఆదివారం ఏం చెప్పాలో తోచక ప్రార్థన త్వరగా ముగించేశారు.

ఇంత బాహాటమైన రహస్యాన్ని ఊరు మొత్తంలో ఒక్కడే నమ్మాడు. ఆయన రిన్సె, బాబాయికి చిన్నప్పటి స్నేహితుడు. ప్రతి గురువారం పొద్దున పదింటికి ఇద్దరూ కలిసి పన్నెండు కిలోమీటర్ల అవతల రేవుపట్నం వెళ్ళేవాళ్ళు. రిన్సె భార్య హిల్కెని అక్కడి వృద్ధాశ్రమంలో ఉంచారు, ఆమెకి మంచం దిగే ఓపిక లేదు. దారి పొడవునా బాబాయి ముందు, రిన్సె ఆయన వెనక చక్రానికి మూరెడు దూరంలో. అంత దగ్గర నుండి కూడా ఎలా నమ్మాడంటే, రిన్సెకి చెవుడు. పక్కన పిడుగు పడితే "ఎవరో తలుపు కొట్టారు" అనే రకం.

మా వైపు గాలి ధర్మం ఒకటుంది. ఇద్దరు వెళ్తుంటే ఒకడు ముందుండి గాలి కాస్తాడు, రెండోవాడు ఆ చాటున వస్తాడు, కాసేపటికి వంతు మారతారు. వంతు మారతారు కాబట్టే అందులో ఎవరికీ ఎవరూ రుణపడరు. కానీ బాబాయి వంతు ఇచ్చేవాడు కాదు. "ఒకడి వెనక చక్రం చూస్తూ తొక్కితే నాకు కళ్ళు తిరుగుతాయిరా" అనేవాడు. గొప్పలకి పోతున్నాడని మేమంతా నవ్వుకున్నాం.

నవ్వుకోవడంతో ఆగితే మేం మా ఊరివాళ్ళం ఎందుకవుతాం. మా ఊళ్ళో ఒకరి విషయంలో ఒకరు తలదూర్చరు, దూర్చాలంటే సభ పెట్టుకుంటారు. ఊరి సంఘం కార్యదర్శి ఫ్రౌక్యె. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, అక్కా అంటాను. కాఫీతో ఒక బిస్కట్టు ఇచ్చి డబ్బా మూత గట్టిగా పెట్టే మనిషి. ఆమె ఆధ్వర్యంలో మూడు సభలు జరిగాయి. కరకట్ట బాట మీద మోటారు చప్పుడు ఉండకూడదని తీర్మానమైంది. ఎవరినీ వేలెత్తి చూపకూడదన్నది కూడా తీర్మానమే. అందుకని నోటీసు పైన పేరు రాయకుండా "ఉల్లికాడలతో తిరిగే సైకిలువారికి" అని రాశారు. ఆ గురువారం పొద్దున పదింటికి, బాబాయి బయల్దేరుతుండగా చేతికివ్వాలని నిర్ణయం.

ఆ గురువారానికి ముందు, సోమవారంనాడు బాబాయి నా కొట్టుకొచ్చాడు. పాట లేదు, దగ్గు లేదు. తలుపు దగ్గరగా వేసి స్టూలు మీద కూలబడ్డాడు.

"సీబె, దీన్ని పూర్తిగా నోరు మూయించాలిరా. గురువారంలోపు."

"దేన్ని బాబాయ్? నీకు మోటారు లేదుగా."

"వేళాకోళం వద్దు. రిన్సెగాడికి రేపు చెవిమిషను పెడుతున్నారు."

"పెడితే?"

"పెడితే వాడికి వినపడుతుంది."

"ఊరందరికీ వినపడుతూనే ఉందిగా."

"ఊరికి వినపడితే నాకేంటి? ఊరి కోసం ఎవడు దాచాడు?" అని కసిరాడు. తర్వాత టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని మెల్లిగా చెప్పాడు. "వాడి ఊపిరితిత్తులు సగం పోయాయి. ఆ గాల్లో ఒక్కడూ రెండు కిలోమీటర్లు కూడా వెళ్ళలేడు. కొడుకు కారు పంపిస్తానన్నాడు, నేను బస్సన్నాను, వినడు. 'సైకిలు మీద వెళ్ళలేని రోజున హిల్కె పక్క మంచంలో నన్నూ పడుకోబెట్టండి' అంటాడు. నా వెనకైతే వస్తాడు, అది గాలి ధర్మం కాబట్టి. నాకున్నది ఒక మోకాలు. మోటారు లేకుండా వాడికి పన్నెండు కిలోమీటర్లు గాలి ఎలా కాయను? మోటారుందని తెలిస్తే తనకోసమే పెట్టానని వాడికి అర్థమైపోతుంది. ఆ రోజే దిగిపోతాడు. అక్కడ హిల్కె గురువారం పొద్దున్నుంచీ కిటికీ వైపే చూస్తుంటుందిరా."

నాకు సిగ్గేసింది. రెండేళ్ళుగా ఆయన్ని చూసి నవ్వినవాళ్ళలో నేను ముందు వరసలో ఉన్నాను. సిగ్గుపడుతూనే సుత్తి తీశాను.

రెండు రోజులు ఇద్దరం అదే పని. పొగ వెళ్ళే గొట్టానికి బఠాణీ సూపు డబ్బా తగిలించి, లోపల ఇనప పీచు కూరాం. పాత రబ్బరు బూట్లు కోసి మోటారు కింద మెత్తలుగా వేశాం. మడ్‌గార్డు బిగించాను, బాబాయి బెంగగా చూశాడు. బుధవారం మధ్యాహ్నానికి రంపంలాంటి చప్పుడు తగ్గి, కోపమొచ్చిన బాతు స్థాయికి దిగింది. అంతకంటే దిగనంది.

"బాతు అనుకుంటాడేమో" అన్నాడు బాబాయి.

"పన్నెండు కిలోమీటర్లు బాతు వెంటపడదు బాబాయ్."

ఆయన సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం చూసి నేను ఫ్రౌక్యె ఇంటికి నడిచాను. ఆమె బల్ల మీద నోటీసు సిద్ధంగా ఉంది. జరిగిందంతా చెప్పాను. ఆమె చాలాసేపు కాఫీ కలిపింది.

"ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పొచ్చుగా."

"ఒకరి విషయంలో ఒకరం తలదూర్చం కదక్కా."

ఆమె నోటీసుని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలు కింద దోపింది. తర్వాత బిస్కట్టు డబ్బా మూత తీసి నాకు రెండోది ఇచ్చింది. మా ఊళ్ళో అలా జరగడం నేను చూడటం అదే మొదటిసారి.

"రేపు పదింటికే కదా బయల్దేరేది?" అంది.

గురువారం పదింటికి సన్నగా చినుకులు పడుతున్నాయి. ఆ వానలో ఫ్రౌక్యె, మోటారు చప్పుడు మీద మూడు సభలు పెట్టిన ఫ్రౌక్యె, గడ్డి కోసే మిషను వేసుకుని మొన్ననే కోసిన గడ్డిని మళ్ళీ కోస్తోంది. ఎదురింటాయన కంచె కత్తిరించే మిషను పట్టుకున్నాడు, కంచె లేదు, గాల్లోనే కత్తిరిస్తున్నాడు. ఊరి బాజాబృందం బడి ముందు నిలబడి సాధన చేస్తోంది. ఫాదరీగారు చర్చి తలుపులు బార్లా తెరిచి ఆర్గను మీద రెండు చేతులూ, బహుశా మోచేతులు కూడా వేశారు. ఈ హోరు మధ్య బాబాయి బిగుసుకుపోయి, పాట కూడా మర్చిపోయి వెళ్తున్నాడు. వెనక రిన్సె అందరికీ చెయ్యూపుతున్నాడు. ఊరు దాటాక ఒక రైతు ట్రాక్టరేసుకుని రేవుపట్నం దాకా వాళ్ళ వెనకే వెళ్ళాడు. అక్కడ ఆయనకి పనేమీ లేదు.

సాయంత్రం నాలుగింటికి రిన్సె నా కొట్టుకొచ్చాడు, చక్రంలో గాలి తక్కువైందని. తక్కువేం కాలేదు.

"ఏంటి సీబె, పొద్దున ఊరందరికీ ఏమైంది? వానలో గడ్డి కోస్తున్నారు."

"చప్పుడు ఎక్కువైందా పెదనాన్నా?" అన్నాను భయంభయంగా.

"చప్పుడా? నాకేం వినపడింది?" జేబులోంచి చిన్న డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. చెవిమిషను అందులో భద్రంగా ఉంది. "దీన్ని హిల్కె మాట వినడానికి చేయించుకున్నాను. ఆమె గొంతు బాగా సన్నబడిపోయింది. దారిలో పెట్టుకుంటే గాలి హోరుకి చెవులు చిల్లులు పడతాయి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊరంతా ఒక డబ్బా కోసం బాజా వాయించింది. పోన్లే గండం గడిచిందని గాలిపంపు అందుకున్నాను.

"చెవులే పోయాయి, ముక్కు బాగానే ఉంది" అన్నాడు రిన్సె.

పంపు నా చేతిలోనే ఆగిపోయింది.

"రెండేళ్ళుగా వేగిన ఉల్లికాడల వెనకే వెళ్తున్నానురా నేను. మొదటిరోజే తెలిసింది. దిగిపోదామనుకున్నాను కూడా. కానీ ముందు వీడు భుజాలు ఊపుతూ, పళ్ళు బిగించి తొక్కుతున్నట్టు నటిస్తున్నాడు. ఆ మోకాలితో. నిజంగా తొక్కితే అందులో సగం కష్టం ఉండదు. మనకోసం అంత అవస్థపడేవాణ్ణి నడిరోడ్డు మీద వదిలి దిగిపోతామా, అదేం మర్యాద? నాకు తెలిసినట్టు వాడికి చెప్పకు. నాకు తెలుసని తెలిస్తే వాడు ముందుండటానికి సిగ్గుపడతాడు. అప్పుడు హిల్కె దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు నన్ను?"

సైకిలెక్కి, కాలు నేల మీద ఆన్చి ఆగాడు.

"ఒక్క సాయం చెయ్యి. ఆ ఉల్లికాడలు మార్పించు. రెండేళ్ళయింది, నాకు ఇంట్లో ఉల్లికాడల కూర సహించడం లేదు."

మర్నాడు బాబాయి వచ్చాడు, మళ్ళీ పాడుకుంటూ.

"చూశావా, వాడికి అనుమానం కూడా రాలేదు. చెవిమిషను పెట్టుకుని కూడా" అన్నాడు.

"నీ పనితనం అలాంటిది బాబాయ్. కాకపోతే ఆ ఉల్లికాడలే కొంచెం... ఇంకేదైనా పెడితే బాగుంటుందేమో."

గడ్డం గోక్కుని ఆలోచించాడు. తర్వాతి గురువారం ఆయన పెట్టెలో ఆపిల్ పళ్ళు కనిపించాయి, పైన కొంచెం దాల్చినచెక్క పొడి కూడా చల్లాడు. వెనక రిన్సె ముక్కు పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఎదురుగాల్లో హాయిగా వెళ్తున్నాడు.