ఫ్రేయాకు నేను చేసిన వేసవి క్షవరం

గల్ఫ్ యుద్ధం నడుస్తున్నప్పుడు నేను రియాద్‌లోనే ఉన్నాను. ఈ ఒక్క మాట అనగానే మా ఊళ్ళో కుర్చీ వేస్తారు, చాయ్ తెప్పిస్తారు. సైరన్లు, ఆకాశంలో నిప్పులు, మూతికి మాస్కులు, అరచేతిలో ప్రాణాలు! ఆ మహా సంగ్రామంలో నా చేతుల మీదుగా జరిగిన ఘోరం ఒకటి చెబుతాను, గుండె చిక్కబట్టుకోండి.

పట్టుకున్నారా? ఇక వదిలేయండి. నేను చేసింది ఒక కుక్కకు గుండు కొట్టడం.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. రియాద్‌లోనే మలాజ్ అనే పేటలో విదేశీయులుండే ఒక కాంపౌండులో ఏసీ మెకానిక్‌ని. ఆరో నంబరు విల్లాలో హెల్గా మేడమ్ అని నార్వే నర్సు ఉండేది. ఆమె కుక్క పేరు ఫ్రేయా. మంచులో బండి లాగే జాతి. తోడేలంత ఒళ్ళు, దూదిపరుపంత బొచ్చు. యుద్ధం వస్తుందనగా మేడమ్ వాళ్ళ దేశానికి బయలుదేరింది. విమానంలో కుక్కకు చోటు దొరకలేదు.

"రాజేశం, నేను వచ్చేదాకా దీన్ని నీ చేతుల్లో పెడుతున్నాను" అంటూ ఇంగ్లీషులో రాసిన రెండు పేజీలు నా చేతికిచ్చి, కుక్క మెడ కావలించుకుని ఏడ్చింది.

"బేఫికర్‌గా వెళ్ళండి మేడమ్" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

కాగితం చదవలేదు. మా నాయిన జగిత్యాల దగ్గర గొర్ల కాపరి. మందలో పుట్టి మందలో పెరిగినవాడికి ఒక్క కుక్క గురించి కాగితమా? నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న ఫ్రిజ్ కాలు కింద దోపాను. ఫ్రిజ్ ఊగడం మానేసింది. ఆ కాగితంతో నేను పొందిన జ్ఞానం అంతే.

యుద్ధంలో మాకేమీ కాలేదు. సైరన్ మోగితే ఫ్రేయా మూతి పైకెత్తి ఊళ పెట్టేది. సైరన్ ఆగేది, ఇది ఆగేది కాదు. చివరికి యుద్ధమూ ఆగింది. అసలు ప్రమాదం అప్పుడు మొదలైంది, నాకు తీరిక దొరికింది కాబట్టి.

ఎండలు ముదిరేసరికి ఫ్రేయా ఒంటి నుంచి ఉన్ని ఊడటం మొదలైంది. రోజుకో దిండు కుట్టుకోవచ్చు. పగలు తిండి ముట్టదు. నాలుక మూరెడు బయటపెట్టి రొప్పుతుంది. పైగా ఏసీ నీళ్ళు కారే గోడ పక్కన గొయ్యి తవ్వి, ఆ తడిమట్టిలో పొట్ట ఆనించి పడుకుంటుంది.

గేటు కాపలా సలీం భాయ్‌ని పిలిచాను. పాకిస్తాన్‌లో మంచుకొండల పక్క ఊరు ఆయనది. మా మాటలు ఉర్దూలో సాగేవి. ఇక్కడ తెలుగు చేస్తున్నాను, తిట్లు మాత్రం ముట్టుకోను.

"భాయ్, దీనికేదో రోగం వచ్చింది. తన గోరీ తనే తవ్వుకుంటోంది."

"రోగం లేదు, ఏమీ లేదు. మా వైపు జడలబర్రె యాకులు కూడా ఎండలు రాగానే లోపలి ఉన్ని వదిలేస్తాయి. దాని దారిన దాన్ని వదిలెయ్."

"యాక్ పాలిస్తుంది. ఇది ఇస్తుందా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"నేను అడిగేదీ అదే!"

సలీం భాయ్ నాకు దండం పెట్టి గేటు వైపు నడిచాడు. వాదం గెలిచాను. నా జీవితంలో గెలవకుండా ఉండాల్సిన వాదాల్లో అది మొదటిది.

గోరీ అనుకున్న గొయ్యిని ఇసుకతో పూడ్చాను. మర్నాడు తవ్వింది. రాళ్ళు వేశాను. తవ్వింది. మూడోసారి సిమెంటు పోశాను. మెయింటెనెన్స్ మనిషిని కదా, మమకారం చూపించాలన్నా సిమెంటుతోనే చూపిస్తాను. ఫ్రేయా ఆ సిమెంటు చుట్టూ మూడుసార్లు తిరిగి, వాసన చూసి, నావైపు చూసింది. కృతజ్ఞత అనుకున్నాను.

ఇక మిగిలింది బొచ్చు. మా ఇంట్లో ఎండలు రాకముందే గొర్లకు ఉన్ని కత్తిరిస్తాం. దీనికీ అదే మందు. శుక్రవారం శుక్రవారం మా పనివాళ్ళ క్యాంపులో అందరికీ కటింగ్ చేసే పోశన్న దగ్గరికి వెళ్ళాను. మాదీ ఆయనదీ పక్కపక్క ఊళ్ళే.

"పోశన్నా, నీ మిషన్ జర గంటసేపు ఇయ్యవా?"

"ఎవలికిరా?"

"కుక్కకే."

"థూ! మల్ల గదే మిషన్ మా నెత్తులకు పెట్టాల్నా?"

"మంచిగ కడిగిస్తగదనే."

"కడుగుతవో లేదో గని, కుక్కకు జుట్టు తీసుడు నేనెన్నడు ఇనలే. ఆ మేడమును అడిగినవా?"

"గొర్లోల్ల పోరగాన్ని, నన్నే అడుగుతున్నవా?"

రెండు గంటల పని. ఫ్రేయా కదలకుండా నిలబడింది పాపం, నన్ను నమ్మి. పక్కన ఉన్ని కుప్ప కుక్కంత అయింది, కుక్క మేకపిల్లంత అయింది. "హాయిగుందా తల్లీ?" అని అడిగాను కూడా.

రెండు రోజుల్లో దాని వీపు కందిపోయింది. మూడో రోజు బొబ్బలు లేచాయి. మంచం కిందికి దూరి, పిలిస్తే రాలేదు. సలీం భాయ్ వంగి చూశాడు.

"ఉల్లూ కా పఠ్ఠా! దాని గొడుగు లాగేసుకున్నావు కదరా!"

ఆ తిట్టును మీకు మాటిచ్చినట్టే తెలుగు చేయకుండా ఉంచాను. వీపుకు చల్లటి లబన్ మజ్జిగ రాశాను. రాసిందంతా అది నాకేసింది. చివరికి పోశన్న తన తెల్ల బనీను ఒకటి ఇచ్చి, "మిషన్ తోని పాటు ఇది గూడ పాయె" అన్నాడు. తడిపి తొడిగాం. పొద్దంతా ఏసీ గదిలో దాని పక్కనే కూర్చున్నాను. బతికితే చాలనుకున్నాను.

హెల్గా మేడమ్ ఆ వారమే వచ్చింది. పోశన్న బనీనులో ఎదురొచ్చిన ఫ్రేయాను చూసి, చేతిలో పెట్టె కింద పడేసి, నేలమీద కూలబడింది. బనీను ఎత్తి చూసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"కాగితం ఏది?"

ఫ్రిజ్ ఎత్తి తీసిచ్చాను. నలిగిన మడతలు విప్పి, మొదటి పేజీలోనే ఉన్నది నాకు అర్థమయ్యేలా మెల్లగా చదివింది. వేసవిలో లోపలి ఉన్ని దానంతట అదే రాలిపోతుంది, దువ్వితే చాలు. పైబొచ్చు ఎండను ఆపుతుంది, ఎన్నడూ కత్తిరించవద్దు. పగలు తక్కువ తింటుంది, భయపడవద్దు. గొయ్యి తవ్వుకుంటే తవ్వుకోనివ్వాలి.

నేను జబ్బులనుకున్నవన్నీ ఆ జీవి ఎండతో చేసుకున్న సర్దుబాట్లు. ఒక్కొక్కటే వెతికి మరీ చెడగొట్టాను.

మేడమ్ నన్ను బయటికి పిలిచి, ఏసీ పైపు చుట్టూ ఉన్న నల్ల రబ్బరు తొడుగు మీద వేలు పెట్టింది. "ఇది చుట్టింది ఎవరు?"

"నేనే మేడమ్."

"ఎందుకు?"

"బయటి వేడి పైపుకు తగలకుండా."

"ఎండాకాలం తీసేస్తావా?"

తొడుగులు చుట్టడమే రోజూ నా పని, తీయడం కాదు. చుట్టూ నాకు బుద్ధి చెప్పే పైపులు ఇరవై నాలుగు, మధ్యలో నేను.

ఆ సాయంత్రమే సుత్తి తెచ్చి సిమెంటు పగలగొట్టాను. ఫ్రేయా వచ్చి తడిమట్టిలో పొట్ట ఆనించింది. నావైపు చూడలేదు. బొచ్చు పూర్తిగా రావడానికి ఏడాది దాటింది. ఆ తర్వాత మేడమ్ సెలవులకు వెళ్ళినప్పుడల్లా కుక్కను సలీం భాయ్‌కి అప్పగించేది. నాకు విల్లా తాళాలు మాత్రం ఇచ్చేది, ఏసీ కోసం.

అందుచేత పోశన్న మిషన్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇచ్చిన కాగితం చివరిదాకా చదవకుండా ఏ ప్రాణి ఒంటిమీదా ఒక్క వెంట్రుక కూడా ముట్టను. గొర్రెతో సహా.

ఇకపోతే ఆ పైపు తొడుగు ఎండ తగిలేచోట ఉంటే పైన తెల్ల టేపు చుట్టాలి. లేకపోతే పగుళ్ళు వస్తాయి.