వాగు మూలలో చేపపిల్లలు

శ్రీశైలం డ్యాం వెనకనీళ్లు మా వైపు నల్లమల అంచుదాకా వచ్చి, ఒకచోట సన్నగా వాగులోకి చొచ్చుకుపోతాయి. నేనూ మా ఆయనా ఆ నీళ్ల మీదే బతికాం. ఆయన పుట్టిలో పోయి వల వేసేవాడు. నేను చేపల తట్ట ఆటోలో పెట్టుకుని ఆత్మకూరు పోయి అమ్మేదాన్ని.

కొత్తనీళ్లు రాగానే గుడ్ల చేపలు ఆ వాగులోకి ఎదురెక్కుతాయి. మునిగిన గడ్డిలో గుడ్లు పెడతాయి. ఏటికేడు చేప తగ్గిపోతుంటే, మా గట్టు మీది ఇళ్లవాళ్లమంతా కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఆ వాగు మూలలో ఎవరూ వల వేయకూడదని. మొదటి ఏడు కష్టమయింది. పొయ్యి వెలగడానికి నేను కలుపు పనికి పోయాను. రెండో ఏడు చలికాలంలో మంచి బొచ్చె చేపలు పడ్డాయి. “ఇంగ బాగుపడతాంలే” అన్నాడు మా ఆయన. నేనూ నమ్మాను.

మరుసటి వానాకాలం కట్టెలకని వాగు వైపు పోతే, ఒడ్డున నీలం టార్పాలిన్ పట్టల మీద ఏదో తెల్లగా ఎండుతోంది. దగ్గరికి పోయి చూశాను. వేలెడు కూడా లేని చేపపిల్లలు. కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. పక్కన అలివి వల కుప్పగా పడి ఉంది. అది దోమతెరంత సన్నం, పడిన పిల్ల ఏదీ బయటికి రాదు. ఎండిన పిల్లల్ని కోళ్ల మేతకని షావుకార్లు కొంటారు. వాళ్ల మనుషులే ఎవరో వచ్చారనుకున్నాను. పట్ట సర్దుతున్న మనిషి ఇటు తిరిగాడు. నా సొంత తమ్ముడు. మాట అనుకున్న రోజు నా పక్కనే కూర్చున్నవాడు.

“ఏం రా, ఏం చేస్తాండావు ఈడ?”

“నేను పట్టకుంటే ఇంగొకడు పడతాడు అక్కా. అవతలి గట్టోళ్లు రోజూ లాగుతాండారు. మనం చూస్తా కూచోవల్నా?”

“ఇవి పెద్దయితే మనందరికీ కూడు కద రా.”

“అవి పెద్దయ్యేదాకా నా పిల్లోళ్లకు ఏం పెట్టల్ల?”

నేను పట్ట మీది పిల్లల్ని దోసిళ్లతో ఎత్తి నీళ్లలో వేశాను. వాడు అడ్డం రాలేదు. అన్నీ వెల్లకిలా తేలాయి.

మా ఆయన చేపల ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఎట్టకేలకు వాళ్లు వచ్చి తమ్ముడి అలివి వల కాల్చేసి పోయారు. షావుకారు వాడికి ఇంకోటి పంపాడు. తమ్ముడు మా గడప తొక్కడం మానేశాడు. అమ్మ పోయినప్పుడు కూడా వాడొక పక్క, నేనొక పక్క నిలబడ్డాం. ఒకరిని చూసి ఒకరు అందరూ ఆ మూలలోనే దిగారు. చివరికి మా ఆయన కూడా, “ఇంగ యాడ కాపాడేది?” అని పుట్టి అటే తోసుకుపోయాడు. నేనూ అడ్డం పోలేదు. అప్పటికి అక్కడ పట్టడానికి ఏమీ మిగల్లేదు.

ఇప్పుడాయన దూరాన మంగంపేట ముగ్గురాయి గనుల్లో రాళ్లు ఎత్తుతున్నాడు. నేను ఆత్మకూరులోనే కూర్చుని, కోస్తా నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే చెరువు చేపలు అమ్ముతున్నాను. మొన్న నా దగ్గర ఎప్పటినుంచో కొనే ఒకామె చేప మొప్ప ఎత్తి చూసింది.

“ఇవి మన ఏటి చేపలేనా?”

“కాదు తల్లీ. అవి యాడుండాయి ఇంగ?”

ఆమె చేపను ఐసులో పెట్టేసి, కూరగాయల వైపు పోయింది.