తల పడమరకి పెట్టి పూడ్చినవాడు

ప్రభుత్వాసుపత్రిలో ఫోరెన్సిక్ డాక్టరుగా నా ఉద్యోగమంతా శవాలతోనే గడిచింది. శవాన్ని చూస్తే నాకు కోపం రాదు. దాని పక్కన నిలబడి బతికున్నవాళ్ళు చెప్పే కబుర్లకే ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు ఒక లంక ఊళ్ళో, క్రైస్తవుల శ్మశానం పక్కన చేపల చెరువు తవ్వుతుంటే పొక్లెయిన్‌కి ఎముకలు తగిలాయి. నేను వెళ్ళేసరికి ఎస్సై గారు జీపెక్కడానికి సిద్ధంగా ఉన్నారు.

"పాత సమాధేనండి. తల పడమరకి, కాళ్ళు తూర్పుకి ఉన్నాయి. ప్రభువు తూర్పు నుంచి వస్తే లేచి ఎదురుగా చూడాలని ఇక్కడ అందరినీ ఇలాగే పెడతారు. పుర్రె మిషన్ తగిలి పగిలిందండి," అన్నారు.

పడుకోబెట్టిన తీరు నిజమే. చేతులు కూడా గుండెల మీద కలిపి ఉన్నాయి. కానీ పెట్టె లేదు, పెట్టెకి కొట్టిన మేకు ఒక్కటీ లేదు. పక్కటెముకలకి పూల నైటీ పీలికలు అంటుకుని ఉన్నాయి. పోయిన మనిషిని నైటీతో సాగనంపే కుటుంబాన్ని ఈ డెల్టాలో నేనింతవరకూ చూడలేదు.

పుర్రె చేతిలోకి తీసుకున్నాను. మిషన్ పన్ను తగిలినచోట అంచు తెల్లగా ఉంది. వెనకవైపు ఇంకో పగులుంది. దాని అంచులు మట్టి రంగు తాగేశాయి. పచ్చి కర్ర విరిచినట్టు వాలుగా చీలి, బీటలు చెవి దాకా పాకాయి. ప్రాణమున్న ఎముకే అలా విరుగుతుంది. ఎవరో వెనక నుంచి బరువైనదానితో కొట్టారు. పడ్డాక మళ్ళీ కొట్టారు. రెండో దెబ్బ బీటలు మొదటి దెబ్బ బీటల దగ్గరికొచ్చి ఆగిపోయాయి. దవడ రెండు ముక్కలైంది.

కటి ఎముక చూసి ఆడమనిషని, కాలర్ బోన్ కొస చూసి వయసులో చిన్నదని చెప్పాను. ఎస్సై గారు జీపు తలుపు మూసేసి వెనక్కి వచ్చారు.

ఊళ్ళో ఆ వయసు పిల్ల ఒకతే కనబడటం లేదు. కువైట్ వెళ్ళిందని మొగుడు అందరికీ చెప్పాడు. తల్లి నమ్మింది. కూతురు ఎప్పుడు ఫోన్ చేస్తుందోనని పొలంలోకి కూడా ఫోన్ తీసుకెళ్తోంది. డీఎన్ఏ కోసం ఆమె రక్తం తీయించాం. కలిసింది. వాడూ ఒప్పుకున్నాడు. యానాంలో తాగొచ్చి రుబ్బురోలు పొత్రంతో కొట్టాడట. తర్వాత మొహం కడిగి, చేతులు కలిపి, దిక్కులు చూసుకుని మరీ పూడ్చాడు. శ్మశానం పక్కనైతే పాత ఎముకల్లో కలిసిపోతుందని ప్లాన్ వేశాడండి, అన్నారు ఎస్సై గారు. నాకలా అనిపించలేదు. చంపడానికి రాని భయం వాడికి తల ఎటు పెట్టాలన్న దగ్గర వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యం వేస్తుంది.

తర్వాత తల్లి నా గదికి వచ్చింది.

"బాగా బాధపడిందాండీ?" అని అడిగింది.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. పక్కటెముకలు ఒక్కసారే విరిగినవి కావని, కొన్ని మానాక మరికొన్ని విరిగాయని చెప్పాను. ఎడమ ముంజేతి ఎముక నడిమికి విరిగి మానిన గుర్తు గురించీ చెప్పాను.

"అది బాత్రూంలో జారిపడిందండి," అంది.

మా దగ్గరికొచ్చే ఆడవాళ్ళందరూ బాత్రూంలోనే జారిపడతారు. "జారిపడితే మణికట్టు దగ్గర విరుగుతుందమ్మా. నడిమికి విరిగిందంటే, కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టిందన్నమాట," అన్నాను.

ఆమె తన ఎడమ చెయ్యి ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

"కట్టు నేనే దగ్గరుండి కట్టించానండి. అది విప్పేదాకా నా దగ్గరే ఉంది. విప్పాక మొగుడి దగ్గరికి నేనే బస్సెక్కించాను. ఎముక బాగా అతుక్కుందాండీ?"

"చక్కగా అతుక్కుందమ్మా."

"అతుక్కోకుండా ఉండాల్సిందండి," అంది. "ఇంకొన్నాళ్ళు నా దగ్గరే ఉండేది."