రాజారాం హోటలు సండాసు, నేను రాసిన ఆర్డరు

1986 జూన్‌లో నన్ను ఆర్మూర్ గ్రామ పంచాయతీకి శానిటరీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. నా పైన ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు, నా కింద ఒక జమేదారు, ఆయన కింద ఊడ్చేవాళ్లు, మోరీలు తీసేవాళ్లు. శానిటరీ ఇన్‌స్పెక్టరంటే మోరీ పక్కన ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని నిలబడేవాడని జనం అనుకుంటారు. చాలావరకు అది నిజమే. అయితే ఆ ఉద్యోగానికి చిన్న అధికారం కూడా ఉంది. ఊళ్లో హోటలు నడపాలంటే పంచాయతీ లైసెన్సు కావాలి. ఏటా మార్చి లోపల దాన్ని కొత్తది చేయించుకోవాలి. ఇన్‌స్పెక్టరు వెళ్లి చూసి "షరతులు పాటించబడుతున్నవి" అని రాస్తే తప్ప ఆఫీసరు సంతకం పెట్టడు. ఆ రెండు ముక్కలు రాసే కలం నాది. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ కలాన్ని చొక్కా జేబులో నలుగురికీ కనపడేటట్టు పెట్టుకు తిరిగేవాణ్ణి.

షరతులు లైసెన్సు కాగితం వెనుక అచ్చయి ఉండేవి. నాకంటే ముందు పనిచేసినవాళ్లు ఆ కాగితాన్ని తిప్పి చూసినట్టు లేదు. నేను తిప్పాను. కూర్చుని తినే హోటలుకు వినియోగదారుల కోసం మరుగుదొడ్డి ఉండాలని అందులో ఉంది. నా ఇలాకాలో ఒక్క హోటలుకూ లేదు. నిధి దొరికినంత సంతోషపడ్డాను. మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా ఉన్న రాజారాం హోటలు అన్నిటికంటే పెద్దది కనుక అక్కడినుంచే మొదలుపెట్టాను. రాజారాం యాభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. సండాసు కట్టకపోతే మార్చి తర్వాత పొయ్యి వెలగదని చెప్పాను. ఆయన వాదించకుండా హోటలు వెనుక ఒక గది, సెప్టిక్ ట్యాంకు, రేకు తలుపు పెట్టించాడు. గుంత లోతును నేను స్వయంగా టేపు పట్టి కొలిచాను. ఆ రోజు పంచాయతీ ఆఫీసుకు తిరిగి వస్తుంటే ఊరు మొత్తం నా వల్లే శుభ్రపడుతున్నట్టు అనిపించింది.

మరుసటి ఫిబ్రవరిలో పసుపు దిగింది. వేల్పూర్, బాల్కొండ, జక్రాన్‌పల్లి నుంచి బండ్లు, లారీలు వచ్చి యార్డులో కుప్పలు పోస్తాయి. ఖరీదుదారులు గుంపుగా ఒక్కో కుప్ప దగ్గర ఆగి, కొమ్ము విరిచి రంగు చూసి వేలం పాట పాడతారు. కుప్ప దగ్గర రైతు లేకపోతే వాళ్లు ఆగరు, పక్క కుప్పకు పోతారు. ఇక మర్నాటిదాకా ఎదురుచూడాల్సిందే. మగవాళ్లు చాలామంది దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండటంతో కుప్పల దగ్గర సగం మంది ఆడవాళ్లే కనపడేవారు. యార్డులో మగవాళ్లకు ఒక గోడ ఉండేది. ఆడవాళ్లకు అదీ లేదు, గుట్ట దిక్కు రాళ్ల చాటుకు పోవాలి. పోయి రావడానికి అరగంట పడుతుంది.

హోటలు వెనుక కొత్త సండాసు ఉందని వాళ్లు రెండు రోజుల్లోనే కనిపెట్టారు. రాజారాం వారంపాటు వాడుకోనిచ్చాడు. తర్వాత ఆఫీసుకు వచ్చి ఒక దరఖాస్తు ఇచ్చాడు. మొదటి పేరాలో, హోటలులో ఏమీ తీసుకోనివారు, ముఖ్యంగా మార్కెటుకు వచ్చిన స్త్రీలు, తన మరుగుదొడ్డిని రోజంతా వాడుతున్నారని రాసి ఉంది. రెండో పేరా కూడా ఉంది. నేను మొదటి పేరా దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే అప్పటికే నా బుర్రలో ఆర్డరు తయారైపోయింది.

ప్రశ్న నాకు చాలా స్పష్టంగా కనపడింది. సొంత జాగాలో, సొంత ఇటుకతో కట్టిన గది. షరతులో ఉన్నదేమో "వినియోగదారుల కోసం" అని. కాబట్టి కానివాళ్లను రానివ్వాల్సిన బాధ్యత ఆయనకు లేదు. అయితే వినియోగదారు అంటే ఎవరు? దానికి నిర్వచనం రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. "హోటలు లోపల ఆసీనులై ఏదేని పదార్థమును సేవించి, గల్లాపెట్టె వద్ద అందుకు చీటీ పొందినవారు" అని తేల్చాను. చీటీ చూపిస్తేనే తాళంచెవి. ఆ వాక్యం అయిదు లైన్లు వచ్చింది, మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆడా మగా, పేదా ధనికా తేడా లేకుండా రాశానని నాలో నేనే మురిసిపోయాను. ఆఫీసరు చదవకుండా సంతకం పెట్టాడు. పెయింటరును పిలిపించి బోర్డు రాయించాం.

రాజారాం బోర్డు చూసి, "వినియోగదారు అంటే గిరాకి అనే గద సార్?" అని అడిగాడు. అవునన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయాడు. నేను ఆర్డరు కాపీ చేతిలో పెట్టి దస్కతు తీసుకుని వచ్చేశాను.

తర్వాత పది పన్నెండు రోజులు మళ్లీ ఒక్క ఫిర్యాదు రాలేదు. హోటలు వెనుక గుంపు లేదు, తగాదా లేదు. నా టూర్ డైరీలో "సమస్య శాశ్వతముగా పరిష్కరించబడినది" అని రాసి, కింద స్కేలు పెట్టి గీత గీశాను. జమేదారు పోశెట్టి పక్కనే నిలబడి ఆ గీతను చూశాడు. అతనికి నా కంటే ఇరవై ఏళ్ల సర్వీసు ఎక్కువ.

ఒక రోజు పొద్దున ఆఫీసు తెరిచేసరికి మెట్ల మీద ఒక స్త్రీ కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయి. పసుపు దుమ్ముతో మోచేతులదాకా పచ్చగా ఉంది. పేరు గంగామణి, ఊరు వేల్పూర్. భర్త దుబాయిలో ఉన్నాడని, కుప్ప పోసి రెండు రోజులైందని చెప్పింది. హోటలు కాడ బోర్డు రాసిన సారు ఎవరని అడిగింది. నేనే అని చెప్పాను, కొంచెం గర్వంగానే.

"నిన్న పగటీలి హోటల్ కాడికి పోయిన సారూ. చీటీ ఏదన్నరు. చీటీ లేదన్న. గుట్ట దిక్కు పోయి వచ్చెవరకు పాట నా కుప్ప దాటి పోయింది" అంది. "ఇంట్ల పాలు తాగే పిల్ల ఉంది. అత్త కాడ ఇడిచిపెట్టి వచ్చిన. నిన్ననే పోవాలె నేను. ఇయ్యాల గూడ పాట దాటిపోతే ఇంకొక్క రాత్రి ఈడనే."

చాలా తేలిక, లోపల కూర్చుని ఒక చాయ తాగితే చీటీ ఇస్తారు కదా అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "ఆడోళ్లు హోటల్ల కూసుండి చాయ తాగంగ ఎన్నడన్న జూసినవా సారూ? మీ ఇంట్ల ఆమె తాగుతదా?"

నేను ఆర్మూర్ వచ్చి ఎనిమిది నెలలైంది. వారానికోసారి ఆ హోటలు తనిఖీ చేస్తున్నాను. గ్లాసులు లెక్కపెట్టాను, ఈగలు లెక్కపెట్టాను, బల్లల మధ్య దూరం కొలిచాను. ఆ బల్లల దగ్గర ఒక్క ఆడమనిషి కూడా కూర్చోవడం చూడలేదన్న సంగతి ఆ క్షణందాకా నాకు తట్టలేదు. నా భార్యకు హోటలు చాయ కావాలంటే నేనే చెంబు పట్టుకుపోయి తెచ్చేవాణ్ణి. అయిదు లైన్ల నిర్వచనం ఆడవాళ్లందరినీ ఒక్క ఊడ్పుతో బయటికి ఊడ్చేసింది. ఊడ్చింది ఎవరో కాదు, పరిశుభ్రతకు జీతం తీసుకుంటున్న నేను. సిగ్గేసింది.

అయినా అధికారి బుద్ధి అంత సులభంగా పోదు. నేను, గంగామణి, పోశెట్టి కలిసి హోటలుకు బయలుదేరాం. దారిలోనే ఆర్డరుకు సవరణ తయారుచేశాను. "చాయ బయటికి తెప్పించుకోండి, అదీ సేవించినట్టే రాస్తాను, చీటీ వస్తుంది" అన్నాను.

"చాయ తాగితె మల్ల పోవాలె సారూ. మల్ల పోవాల్నంటె మల్ల చాయ తాగాలె. గిట్లయితే కుప్ప కాడ ఎప్పుడుండాలె?" అంది గంగామణి. పోశెట్టి దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగాడు.

రాజారాం గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. ఆడవాళ్లకు సండాసు ఇవ్వడానికి ఆయన అభ్యంతరమేమిటని గట్టిగా అడిగాను. ఇంతకాలంలో నేను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"వద్దని నేనెప్పుడు అన్న సార్? నా ఫికరంత నీళ్లది" అన్నాడు రాజారాం. "నాకు నల్లా లేదు. డ్రమ్ముల బండి రోజుకు రెండు మాట్లే వస్తది. గిన్నెలు గడగాల్నా, గక్కడ పోయాల్నా? నీళ్లు పొయ్యకుంటె గబ్బు గొట్టి గిరాకి లోపలికే వస్తలేరు. దరఖాస్తుల రాసిన గద. రెండో ముక్కల."

రెండో పేరా. నీళ్లకు ఏదైనా బందోబస్తు చేయించమని ఆయన ప్రార్థించాడట. ఎవరినీ ఆపమని కాదు. చీటీ, తాళంచెవి, నిర్వచనం, అన్నీ నా సొంత కవిత్వం.

గంగామణి మా ఇద్దరినీ చూసింది. యార్డు గేటు పక్కన ఎడ్ల తొట్టి ఉంది, బోరు మోటారుతో రోజూ నిండుతుంది. "రాజారామన్నా, పొయ్యెటామె బకెటు నిండ తొట్లకెల్లి ముంచుకొని వస్తది. ఎవల నీళ్లు ఆళ్లయే. నీ డ్రమ్ము ముట్టం. సరేనా?" అంది. రాజారాం సరేనని తాళంచెవి బల్ల మీద పెట్టాడు. మార్కెట్ కమిటీ తొట్టి నీళ్లను ప్రైవేటు హోటలు వెనుక పోయవచ్చా అన్న ప్రశ్న నాకు వెంటనే పుట్టింది. పోశెట్టి నా వైపు చూసిన చూపుకు అది నోట్లోనే ఆగింది.

సరిగ్గా అప్పుడే యార్డులో పాట మొదలైన చప్పుడు వినపడింది. గంగామణి మొహం మారిపోయింది. తెల్లవారినప్పటినుంచి ఆపుకుని ఉంది. కుప్ప దగ్గరికి పోవాలి, ఇటూ పోవాలి. బకెటు పోశెట్టి తెస్తానని పరుగెత్తాడు. "సారూ, జర నా కుప్ప కాడ నిలబడుండ్రి" అని గేటులోంచి కనపడుతున్న తన కుప్పను చూపించి ఆమె హోటలు వెనుకకు పోయింది.

అలా ప్రభుత్వ ఉద్యోగినైన నేను పసుపు కుప్ప పక్కన కాపలా నిలబడ్డాను. గుంపు నాలుగు కుప్పల అవతల ఉంది. తర్వాత మూడు, రెండు. ఆమె రాలేదు. ఒక ఖరీదుదారు వచ్చి కొమ్ము విరిచి, "ఎవలది గీ కుప్ప?" అన్నాడు. నాదంటే అబద్ధం. ఇంకొకరిదంటే గుంపు ముందుకు పోతుంది. ఆమె పిల్ల ఇంకొక రాత్రి తల్లి లేకుండా ఉంటుంది. చేతిలో ఉన్నది తనిఖీ రిజిస్టరు ఒక్కటే. దాన్ని తెరిచి జేబులోంచి కలం తీశాను.

"ఈ కుప్ప తనిఖీలో ఉంది. ఎవరూ కదలొద్దు" అన్నాను.

"ఏం తనిఖీ సార్?"

"పరిశుభ్రత."

నిజానికి యార్డు గోడ లోపల నాకు చీపురు పక్కకు జరపమనే అధికారం కూడా లేదు, అదంతా మార్కెట్ కమిటీది. ఆ సంగతి వాళ్లకు తెలియదు. రిజిస్టరు తెరిస్తే ఎంతటి ఖరీదుదారైనా ఒక నిమిషం ఆగుతాడని ఆ రోజే నాకు తెలిసింది. ఒక్కొక్కరి పేరు అడిగాను, తండ్రి పేరు అడిగాను, ఊరు అడిగాను. రాయడానికి ఇంకేమీ లేక ఎండ తీవ్రంగా ఉందని రాశాను. పసుపు దుమ్ముకు మూడుసార్లు తుమ్మి, తుమ్మినట్టు కూడా రాశాను. చీటీలు రాసే మార్కెట్ గుమాస్తాకు అసలు విషయం తెలిసే ఉంటుంది. పాపం, తల వంచుకుని పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాడు.

గంగామణి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుంపును తోసుకుని వచ్చింది. "నాదే కుప్ప" అంది. తనిఖీ పూర్తయిందని ప్రకటించి రిజిస్టరు మూసేశాను. పాట జరిగింది, ఆమె ఒప్పుకుంది, గుమాస్తా చీటీ రాశాడు. పోశెట్టి చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తే ఆమె నిలబడే, చెంబు దించకుండా అన్నీ తాగింది. ఆ పన్నెండు రోజులు యార్డులో ఆడవాళ్లు చాలామంది పొద్దుటినుంచి నీళ్లు ముట్టేవాళ్లు కాదని, ముడితే గుట్ట దిక్కు పోవాల్సి వస్తుందని, పక్క కుప్పల ఆడవాళ్ల దగ్గర విన్న మాటగా, అప్పుడే చెప్పింది. పగటి బస్సుకు వేల్పూర్ వెళ్లిపోయింది.

ఈ సంగతి నీకు తెలుసా అని పోశెట్టిని అడిగాను. "ఎర్కనే సార్. మీరు అడగలె" అన్నాడు.

ఆర్డరు ఆ సాయంత్రమే రద్దు చేయించాను. ఆఫీసరు దాని మీద కూడా చదవకుండానే సంతకం పెట్టాడు. బకెటు పద్ధతిని ఆర్డరుగా రాద్దామని కూర్చున్నాను, ఏ సెక్షను కిందా ఇమడలేదు. రాయకుండానే అది తొంభైలలో యార్డులో మరుగుదొడ్లు కట్టేదాకా నడిచింది. హోటలు వాళ్లు అందరినీ రానివ్వాలా వద్దా అని ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాకు ఒక్క మాటలో జవాబు రాదు. నీళ్లు ఎవరు తెస్తున్నారని మాత్రం ఎదురు అడుగుతాను.

నేర్చుకున్నది చెప్పాలి కనుక చెబుతున్నాను. దరఖాస్తు చివరిదాకా చదవాలి. ఒక ఆర్డరు తర్వాత ఫిర్యాదులు ఆగిపోతే, డైరీలో గీత గీసేముందు అక్కడ నీళ్లు తాగడం మానేసినవాళ్లు ఎవరో వెళ్లి చూడాలి.