ఉప్పు కలిపిన ఐసు

మా వంశంలో కాలేజీ చదువు చదివిన మొదటి వ్యక్తిని నేనే. నిరుడు నా పరిశోధన చివరి దశలో ఉంది. అయస్కాంత గుణమున్న అతిసూక్ష్మ రేణువులు నీటిలో తమంతట తామే వరుసకట్టే తీరును, వాటిపై ఎక్స్‌రే కిరణాలు చెదిరే విధానాన్ని బట్టి తెలుసుకోవాలి. ఏడాది నిరీక్షణ తరువాత, దూరపు నగరంలోని ప్రయోగశాల నాకు ఒక్కరోజు కేటాయించింది. నా ఫెలోషిప్ గడువు ఆ నెలతోనే ముగుస్తుంది.

రైలెక్కే ముందు నమూనాల సీసాలతో భవానీపురంలోని ఇంటికి వచ్చాను. నాన్నగారిది చేపల వ్యాపారం.

"ఏంటమ్మా ఇవి?" అని అడిగారు.

"చెప్పినా మీకు అర్థం కాదు నాన్నా. చల్లగా ఉంచాలి, అంతే."

"చల్లదనం గురించి నాకా చెప్తావు? నా రొయ్యలు హౌరాలో దిగినా మీసం వాడదు!" అని నవ్వారు. నేను స్నానం చేసి వచ్చేసరికి సీసాలను థర్మోకోల్ పెట్టెలో ఐసు మధ్య సర్ది, టేపు కూడా వేసేశారు.

ప్రయోగశాలలో పెట్టె తెరిస్తే సీసాలు గడ్డకట్టి ఉన్నాయి. చలువ పెరగాలని ఆయన ఐసులో కల్లుప్పు కలిపారు. కరిగించి చూస్తే రేణువులన్నీ ముద్దలై అడుగున పేరుకున్నాయి.

"ఇవి పనికిరావండీ. మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి," అన్నారు అక్కడి అధికారి.

సాయంత్రం నాన్నగారు ఫోన్ చేశారు.

"సరుకు పాడవలేదు కదమ్మా?"

"లేదు నాన్నా. బాగానే ఉంది."

నాకు డాక్టరేటు రాలేదు. తన ఐసు వల్లే కూతురి ప్రయోగం గట్టెక్కిందని ఆయన నేటికీ మార్కెట్లో చెప్పుకుంటున్నారు. గడ్డకట్టకూడదన్న ఒక్కమాట ఆయనకు తప్పకుండా అర్థమయ్యేది. చెప్పనిది నేనే.